మధ్యలో తీసిన మాల

ఇరవై రెండేళ్లకు నాకు వృషణంలో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక బెంగుళూరు డాక్టరు నాకూ నాయనకూ నెమ్మదిగా చెప్పాడు. "వచ్చే వారం కీమో మొదలుపెడదాం. బతుకుతావు. కానీ ఆ మందుతో పిల్లలు పుట్టకుండా పోవచ్చు. ఈలోపల వీర్యం ఇస్తే ఫ్రీజ్ చేసి దాచిపెడతారు."

నా ఒంటి మీద నల్లబట్టలు, మెడలో అయ్యప్ప మాల. కాళ్లకు చెప్పులు కూడా లేవు. జబ్బు సంగతి తెలిసిన వారమే అమ్మ మొక్కుకుని వేయించిన దీక్ష అది. దీక్షలో బ్రహ్మచర్యం తప్పితే పాపం. మండలం పూర్తికాకుండా మాల తీస్తే అదీ పాపమే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చావంటే భయం, సామంటే భయం, పిల్లల్లేని బతుకంటే భయం. దేనికి ముందు భయపడాలో కూడా తెలియలేదు.

రైలు హిందూపురం దాటింది. "మాల మీద అట్లాంటి పని వద్దు సామీ. ఇచ్చేటిదుంటే ఆయప్పే ఇస్తాడు," అన్నాడు నాయన. మాల వేసుకుంటే కన్నకొడుకైనా సామే. మొన్నటిదాకా గాడిదా అన్న నోరే అది.

మాల తీయాల్సింది తల్లి చేత్తోనే. పెనుకొండలో ఇంటికి చేరాక అమ్మకు చెప్పక తప్పలేదు. తల్లితో ఆ మాట ఎలా అనడం? "పిల్లలు పుట్టే విత్తనం దాయాలంట," అని గోడకు చెప్పినట్టు చెప్పాను.

అమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది. "ఆ సామి దొరికింది పిల్లల్లేని రాజుకే గదా. ఆ బాధ ఆయప్పకు తెలీకుంటే ఇంగెవురికి తెలుస్తాది?" అంటూ పటం ముందర కూచోబెట్టి మాల తీసింది. నాయన వాకిట్లోకి వెళ్లిపోయాడు.

"ఇంగ పోరా," అంది అమ్మ. చాలా రోజులకు నన్ను రా అని పిలిచింది.

బెంగుళూరు ఆసుపత్రిలో ఆ చిన్న గదిలో నాకు చెమటలు పట్టాయి. చెయ్యి మాటిమాటికీ ఖాళీ మెడ మీదికే పోయేది. సీసా ఇచ్చేటప్పుడు నర్సు మొహం చూడలేకపోయాను.

తిరిగొచ్చేసరికి అమ్మ పెనుకొండ స్టేషనులో ఉంది. "పనయిందా?" అంది. తలూపాను. ఇద్దరం కంకర దారిలో నడుస్తుంటే ఆమె కాళ్లు చూశాను.

"చెప్పులేవమ్మా?"

"నీ మండలం ఇంకా మిగిలుండాది గదరా. అది నేను చేస్తాండాలే."