కులం అడగని పెద్దాయన

అమీర్‌పేటలో ఇప్పుడు గుమ్మానికో హాస్టల్ బోర్డు కనిపిస్తుంది కాని, నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అక్కడ బ్రహ్మచారికి గది దొరకడం ఉద్యోగం దొరకడం కన్నా కష్టంగా ఉండేది. లోకంలోని చిక్కులన్నీ ఒక మంచి ఉపన్యాసంతో విడిపోతాయని నమ్మే వయసు నాది. ఉన్న గది నెలాఖరుకు ఖాళీ చేయాలి. పంజాగుట్టలో మేము వెళ్లే చర్చిలో ఒక సంఘపెద్ద ఉండేవారు. ప్రసంగం కాస్త సాగితే చాలు, చేతి గడియారం చూసుకునేవారు కనుక కుర్రకారంతా ఆయనను గడియారం తాతయ్య అనేవాళ్లం. అమీర్‌పేటలో ఆయన మేడ మీది గది ఖాళీ అయిందని తెలిసింది. ఆ ఆదివారమే యువజనుల చర్చా పోటీ. న్యాయనిర్ణేత ఆయనే. జనాభా లెక్కల్లో ప్రభుత్వం కులం అడగాలా, వద్దా అన్నది విషయం. (గది కోసమే పేరిచ్చానని ఎవరైనా అంటే కాదనను.)

నేను వద్దన్న పక్షం. అడగాలన్న పక్షం మా ఆఫీసు మిత్రుడిది. బల్కంపేటవాడు, ఆ చర్చివాడే. ప్రతి మాటకూ 'జర' తగిలిస్తాడని జర భాయ్ అనేవాళ్లం. అడగడం మానేస్తే జనం కులాన్నే మరిచిపోతారని నేను బల్ల గుద్ది చెప్పాను. జర భాయ్ తాపీగా లేచి, "జర ఆలోచించు అన్నా, అడగకుంటె ఎవలు ఎనకపడ్డరో సర్కారుకు ఎట్ల తెలుస్తది? సర్కారు మొఖం మీద అడుగుతది. మనోళ్లు అడగకుండనే తెలుసుకుంటరు" అన్నాడు. అందరూ నవ్వారు. గడియారం తాతయ్య మాత్రం నవ్వలేదు. "మనలో కులమేంటి బాబూ? ఆ మాట అడగనే కూడదు!" అంటూ బహుమతి నాకే ఇచ్చారు. స్టీలు టిఫిన్ డబ్బా.

మర్నాడు ఆ డబ్బా పట్టుకునే గది చూడటానికి వెళ్లాను. మేడ మెట్ల దగ్గర ఆయన వేలికి తాళంచెవి తిరుగుతోంది. "ఇంటిపేరేంటి బాబూ?" చెప్పాను. "మీ ఊళ్లో ఇల్లు ఏ వైపు?" చెప్పాను. "చర్చి మీ పేటలోనేనా, ఊళ్లోనా?" ఊరి బయట మా పేటలోనే అన్నాను, గర్వంగా. "తాతగారు విశ్వాసంలోకి రాకముందు ఏం పని చేసేవారు?" మా వంశచరిత్ర మీద ఈయనకెంత ఆసక్తి అని మురిసిపోయి అదీ వివరంగా చెప్పాను. తాళంచెవి జేబులోకి వెళ్లిపోయింది. "మా మేనల్లుడు వస్తానంటున్నాడు బాబూ, ఏమీ అనుకోకు." కులం అన్న మాట ఆయన నోట రానే లేదు. (నా డైరీలో ఆ వారం కింద 'చర్చ జయప్రదం, గది లేదు' అని మాత్రమే ఉంది.)

సాయంత్రం బల్కంపేటలో జర భాయ్ ఇంటికి పోయి జరిగింది చెప్పాను. "ఫికర్ జెయ్యకు, మా ఇంట్ల చాప సుత ఉన్నది, జాగ సుత ఉన్నది. గా డబ్బా మటుకు జర ఇటియ్యి, గా బహుమతి నాకు రావాల్సింది" అన్నాడు. ఇచ్చేశాను. పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను.

మొన్న కులాల సర్వేకని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కుర్చీలో కూర్చుని, "సార్, మీ కులం ఏంది?" అంది. ఏ డొంకతిరుగుడూ లేకుండా నన్ను ఆ మాట అడిగిన మనిషిని ఇంతకుముందు చూసిన గుర్తు లేదు. నేనూ అలాగే చెప్పాను. రాసుకుని, ముఖంలో ఏ మార్పూ లేకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లింది. జర భాయ్ గెలిచాడు, ఈ రాత్రే ఫోన్ చేసి ఒప్పుకోవాలి అనుకున్నాను. పని ముగించిన అమ్మాయికి టీ కప్పు అందిస్తూ, ఆప్యాయంగానే, "ఇంటిపేరేంటమ్మా? మీ ఊళ్లో ఇల్లు ఏ వైపు?" అన్నాను.

ఆమె కప్పు అందుకోబోయి ఆగింది. నా మీద నాకే నవ్వొచ్చింది. ఎటు చూడాలో తెలియక గడియారం వైపు చూశాను.