మైకుసెట్టు మల్లప్ప కొన్న బాక్సులు

మా ఆయన పేరు మల్లప్ప. పుంగనూరులో ఉత్త మల్లప్ప అంటే ఏ మల్లప్ప అని అడుగుతారు. మైకుసెట్టు మల్లప్ప అంటే నేరుగా మా ఇంటి ముందు తెచ్చి వదులుతారు.

పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, ఎలక్షన్లు, చావు కబుర్లు, అన్నిటికీ ఆయన మైకే పోయేది. గరాటుల్లాంటి మైకు హారన్లు రెండు ఉండేవి. ఏ ఊరికి పోయినా ముందు కంబం ఎక్కి వాటిని కట్టేవాడు. ఒకటి తూర్పుకు చూస్తే ఇంకొకటి పడమరకు చూడాలి. రెండూ ఒకే దిక్కుకు తిప్పి కట్టడం చేతగానివాడి పని అనేవాడు. కట్టినాక ఒక మనిషిని వీధి చివరికి పంపి, మైకులో "ఆడ వినబడతాందా?" అని అడిగేవాడు. అంత దూరం నుంచి మనిషి గొంతు రాదు కదా, అందుకని వినబడితే ఆ మనిషి చెయ్యెత్తాలి. పెళ్ళయిన కొత్తలో ఇంటి ముందర సెట్టు సరిచూసుకునేటప్పుడు నన్నే వీధి చివర నిలబెట్టేవాడు. కొంగు సర్దుకుంటూ చెయ్యెత్తేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

చిన్నప్పటి నుంచి ఆ హారన్ల కిందే కూర్చున్న మనిషి. ముందు కుక్కరు విజిలు వినబడడం మానింది. కుక్కరు పాతదైందన్నాడు. తరువాత ఫోను మోత వినబడలేదు. ఫోను మంచిది కాదన్నాడు. 

అంతలో ఊళ్ళలోకి డీజేలు వచ్చాయి. హారన్లు అడిగేవాళ్ళు లేకపోయారు. కొన్నాళ్ళు వాటిని వరండాలో ఉంచి తుడుస్తూ వచ్చాడు. ఒకరోజు పాత సామాన్ల అంగడికి వేసి, వచ్చిన డబ్బు చూపించి, "శాంతా, ఈ లెక్కతో ఇంట్లోకి రెండు స్పీకరు బాక్సులు తెచ్చుకుందాం" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. మా మామ మునెప్ప రామసముద్రం దగ్గర పల్లెలో చెక్కభజన కట్టేవాడు. కంచు తాళాలు ఆయనే వాయించేవాడు. ఆయన బతికి ఉండగా మా ఆయన ఒకసారి రెండు మైకులు పెట్టి ఆ భజనను క్యాసెట్టులోకి ఎత్తుకున్నాడు. ఒక మైకు పాడేవాళ్ళ ముందర, ఒకటి తన నాయన తాళాల ముందర. ఆ క్యాసెట్టు అరిగిపోకముందే పెన్‌డ్రైవులో వేయించాడు. అది వినాలి. చెవులు పోతున్నాయని పైకి ఎన్నడూ అనలేదు గానీ, అవి ఉండగానే నాయన తాళం ఇంట్లో కూర్చుని వినాలని ఆయన ఆశ.

మదనపల్లెలో హనీఫ్ అంగడికి పోయాం. మా యాంప్లిఫైరు చెడిపోయినప్పుడల్లా బాగుచేసేది అతనే.

"భాయ్, ఇంట్లోకి రెండు బాక్సులు సూడు. హారన్లు అమ్మిన లెక్క ఇదీ. దీంట్లోనే బాక్సులు రావల్ల, ఇద్దరికీ టీకి మిగలల్ల."

"అట్లయితే టీ నేనే తాపిస్తాలే అప్పా" అని హనీఫ్ నవ్వాడు.

మొదట నిలువెత్తు బాక్సు ఒకటి చూపించాడు. రంగురంగుల దీపాలు వెలుగుతున్నాయి.

"ఇదేంది భాయ్, గంగమ్మ జాతరకు సీరియల్ లైట్లు కట్టినట్టుండాది. నేను వినల్ల, సూసేదానికి కాదు."

"ఇప్పుడు అందరూ ఇదే అడగతాండారప్పా."

"అందరికీ దడదడ కావల్ల. సరే, నా పెన్‌డ్రైవు పెట్టు."

భజన మొదలైంది. తాళాలు గణగణమని నాకు స్పష్టంగా వినబడుతున్నాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దీంట్లో తాళం లేదు. ఇంకొకటి పెట్టు."

కంప్యూటరు పక్కన పెట్టుకునే చిన్నవి పెట్టాడు. వాటి కింద దుమ్ దుమ్మనే పెట్టె ఒకటి.

"దీంట్లోనూ లేదు."

"మోగతాంది గదప్పా."

"పుట్టినప్పటి నుంచి మైకు కట్టినోణ్ణి, నాకే సెప్తావా? నీ బాక్సుల్లో సన్న గొంతు సచ్చిపోయిండాది."

"నువ్వు తిట్టని బాక్సు మదనపల్లెలోనే లేదు పో" అంటూ హనీఫ్ నా వైపు చూశాడు. నేను మా ఆయన వెనక నిలబడి చెవి తాకి చూపించాను. హనీఫ్ నవ్వు ఆగిపోయింది.

పై అరలోంచి పాత కొయ్య బాక్సులు రెండు, చిన్న యాంప్లిఫైరు ఒకటి దించాడు. ఎవరో కొత్తవి కొంటూ ఇచ్చిపోయినవంట. ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కుడి చెవి పక్కన ఒకటి, ఎడమ చెవి పక్కన ఒకటి దగ్గరగా పెట్టాడు. భజన మళ్ళీ పెట్టి, యాంప్లిఫైరు మీద ఏదో మర కొసకంటా తిప్పాడు.

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. మోకాలి మీద వేలు ఆడింది.

"ఇదీ. వినండి, నాయన తాళం కొంచెం ముందే పడతాది. ఎప్పుడూ అంతే, ఆయనకు తొందర."

పాట అయిపోయేదాకా కదల్లేదు. వాటినే కొన్నాం. దార్లో బస్సులో బాక్సు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు కింద పెట్టమన్నా పెట్టలేదు.

ఇంటికి రాగానే స్టూలెక్కి వైరు లాగాడు. ఒక బాక్సు హాల్లో, వీధి వాకిలికేసి. రెండోది వంటింట్లో, పెరటికేసి.

"వంటింట్లో యాల?" అన్నాను, ఆయనకు వినబడేలా గట్టిగా.

"నువ్వుండేది ఆడనే గదా. నీకు మాత్రం వినబడొద్దా?"

పాట పెట్టి హాల్లోంచి అడిగాడు. "శాంతా, ఆడ వినబడతాందా?"

గరిటె ఉన్న చెయ్యే పైకెత్తాను. మా మామ తాళం వంటిల్లంతా మోగుతోంది. వంటింటి గడప దగ్గర నుంచి తొంగి చూస్తే ఆయన హాలు బాక్సుకు చెవి ఆనించి ఉన్నాడు. మర తిప్పాడు. మళ్ళీ చెవి పెట్టాడు.

"తాళం యాడబోయింది?"

మాది చిన్న ఇల్లు. హాల్లో నిలబడినా నాకు తాళం వినబడుతూనే ఉంది. "మోగతాంది సూడు" అన్నాను.

"నీకు మోగతాంది లే" అన్నాడు.

నాలుగు రోజులు అట్లాగే చెవి పెట్టి కూర్చున్నాడు. "అంగట్లో విన్నిందే ఆఖరు. ఈ నాలుగు దినాల్లోనే పోయినట్టుండాది" అన్నాడు. చెవుల సంగతి ఆయన నోటితో అనడం అదే మొదలు.

కుప్పంలో పెద్దాసుపత్రికి పిలుచుకుపోయాను. ఆయన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు ఏవో తగిలించి, శబ్దం వినబడినప్పుడు చెయ్యెత్తమని సైగ చేశారు. ఆయన అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. ఇది మన పనే గదా అన్నట్టు. మొదట చెయ్యి లేచింది. మళ్ళీ లేచింది. తరువాత ఒళ్ళో పడి ఉండిపోయింది. లోపల ఏదో మోగుతుందని ఎదురుచూస్తూ, ఆ చేతి వేళ్ళు మాత్రం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు.

సన్నటి శబ్దాలు చాలావరకు పోయాయని, చెవి మిషను పెట్టుకుంటే ఎదుటి మనిషి మాట కొంత తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

"పాట వినబడతాదామ్మా?" అని ఆయనే అడిగాడు.

చెప్పలేనని చేత్తో సైగ చేసింది. మిషను వద్దన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి హాల్లో బాక్సు మీద పాత తువ్వాలు కప్పాడు. మళ్ళీ తీయలేదు.

వానలు పడే రోజుల్లో, పాలు తేవడానికి మదనపల్లె రోడ్డు దాటబోయాడు. లారీవాడు శానాసేపు హారన్ కొట్టినాడమ్మా అని చూసినవాళ్ళు నాతో చెప్పారు. వీధి చివర దాకా అందరికీ వినబడిందంట.

హనీఫ్ చావు కబురు తెలిసి వచ్చాడు.  తువ్వాలు కప్పిన బాక్సును చూశాడు.

"రెండోది యాడమ్మా?"

"వంటింట్లో ఉండాదన్నా."

"వంటింట్లోనా?"

"హారన్లు కట్టినట్టే ఒకటి ఇట్లా, ఒకటి అట్లా పెట్టినాడు."

అతను లేచి పాట పెట్టాడు. హాలు బాక్సుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. వంటింట్లోకి పోయి దానికీ ఆనించాడు. మెల్లగా తిరిగి వచ్చాడు.

"అమ్మా, దీంట్లో పాట ఒక్కటే వస్తాంది. తాళమంతా దాంట్లో ఉండాది. రెండు మైకులతో ఎత్తినట్టుండాది, ఒక మైకుది ఒక బాక్సులోకి, ఇంకోదానిది ఇంకో బాక్సులోకి పోతాది. రెండూ పక్కపక్కన పెట్టుకుని మనిషి మధ్యలో కూర్చోవల్ల. ఆ పొద్దు అంగట్లో అట్లనే గదా వినిపిస్తిని."

"ఆయనకు చెప్పలేదా అన్నా?"

"మైకుసెట్టు మల్లప్పకు బాక్సులెట్లా పెట్టల్లో నేను సెప్పేదేందమ్మా అనుకుంటి" అని తల వంచుకున్నాడు.

వంటింటి బాక్సు నేను వంట చేసుకుంటూ వినాలని పెట్టింది. ఆయనకు కావలసింది దాంట్లోనే మోగింది. ఒక్కసారి లోపలికి వచ్చి దానికి చెవి పెట్టి ఉంటే దొరికేది. నేనైనా పిలవలేదు. పిలవాలని నాకేం తెలుసు.

హనీఫ్ ఆ బాక్సు తెచ్చి, మా ఆయన కుర్చీకి అటొకటి ఇటొకటి పెట్టాడు. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. అల్మారా వెనక్కి వంగి వైరు కలుపుతూ అడిగాడు.

"అమ్మా, ఆడ వినబడతాందా?"

వినబడుతోంది. పాటలో కలిసి, పాటకంటే కొంచెం ముందే, మా మామ తాళం పడుతోంది. నా చెయ్యి ఒళ్ళోనే ఉంది. అతను ఇంకొకసారి అడిగాడు.

"తీసకపో అన్నా" అన్నాను. "రెండూ తీసకపో."