నా గండం మోసిన నల్ల చేప

సమస్త మత్స్యజాతికి, ముఖ్యంగా మా చెల్లెకు, సాష్టాంగ క్షమాపణలతో ఈ పోస్టు.

ఇయ్యాల మారేడ్‌పల్లిలో ఒక పిల్ల పాలిథిన్ కవర్లో నల్ల చేపను తీస్కపోతుంటే చిన్నప్పుడు మా ఇంట్ల ఉన్న చేపల గాజుతొట్టి గుర్తొచ్చింది. మీ ఇళ్లల్లో సుత ఉండేది గదా, దిష్టి తగలకుండా ఒక నల్ల చేప? మా ఇంటికి దాన్ని చెల్లె ఏరి, కాటుక అని పేరు పెట్టింది. నేను ఫైటర్ చేపను ఏరిన.

"దీన్ని వేరే పెట్టాలె, పక్క చేపల్ని బతకనీయది," అన్నడు షాపాయన. అందుకే దాని కాపురం పచ్చడి సీసాలో.

వారానికే కాటుక చచ్చి తేలింది. "ఏడ్వకు బిడ్డా, మీ అన్నకొచ్చే గండం అది తీస్కపోయింది," అన్నది నానమ్మ.

"వీని కోసమా?" అని చెల్లె ఇంకా గట్టిగ ఏడ్చింది.

చెల్లే, గండం లేదు గిండం లేదు. ఎవరు గెలుస్తరో చూద్దామని ఫైటర్‌ను తొట్టిలో వదిలి, పనయినంక మళ్లీ సీసాలో పెట్టింది నేనే.