కుంభకర్ణుడి చేతి గడియారం

ఫిబ్రవరి 7, శుక్రవారం. జనగామ నుంచి తార్నాక.
హాజరు: నేను, నా భార్య సరోజన, ఒక స్టీలు డబ్బా. తార్నాకలో కలవవలసిన మనిషి: సరోజన అన్న కూతురు శ్రావణి.

డబ్బా సంగతి ముందే చెప్పాలి. మామూలు రోజుల్లో అందులో సకినాలు ఉంటాయి. ఈ ప్రయాణంలో బొమ్మలున్నాయి. సరోజన పెండ్లి పత్రికల వెనుక, అచ్చు లేని వైపున, నల్ల సిరాతో బొమ్మలు వేస్తుంది. పత్రిక ఎంతో బొమ్మ అంతే, అరచేతిలో పడుతుంది. రాముడు, బకాసురుడు, కుంభకర్ణుడు, పిసినారి, చాడీలకోరు, చివరి ఇద్దరికీ యముడి దగ్గర జరిగే మర్యాదలు. నేను వ్యవసాయ మార్కెట్ యార్డులో రిటైరై ఇంటిపట్టున ఉండటం మొదలైన ఏడాదే ఆమెకు ఈ అలవాటు మొదలైంది. ఆ రెంటికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

శ్రావణి తార్నాకలో ఉంటూ అక్కడే ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. దసరాకు వచ్చినప్పుడు ఈ బొమ్మలను ఫోనులో ఫొటోలు తీసుకుపోయి, విశ్వవిద్యాలయంలో చిత్రకళ చెప్పే ఒక మేడమ్‌కు చూపించింది. బడిలో బొమ్మలు నేర్చుకోనివాళ్ళ బొమ్మలతో ఆ మేడమ్ ఒక రోజు ప్రదర్శన పెడుతున్నారు. సరోజనను పిలిచారు. బొమ్మలు ఆమెవి, ఏర్పాట్లు నావి. ప్రతి పత్రికకూ మధ్య పల్చని కాగితం పెట్టాను. మూలన పెన్సిలుతో నంబరు వేశాను. ఇన్నిసార్లు చేతపట్టినా వాటిలో ఏముందో నేను సరిగా చూడలేదని తర్వాత తేలింది. అది దాని చోట చెబుతాను.

ఏడూ పదికి రావలసిన బండి ఏడున్నర దాటాక వచ్చింది. జనగామలో ఎక్కేవారు ముందు పెట్టెల వైపు నిలబడితే సీటు దొరుకుతుంది. మాకు కిటికీ పక్కన రెండు దొరికాయి. ఎదురుగా, సికింద్రాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోతున్న ఒక ముసలమ్మ కూర్చుంది. ఆలేరు దాటాక సరోజన పత్రికలు కదిలాయేమోనని మూత తీసింది. పైనున్నది కుంభకర్ణుడి బొమ్మ. ముసలమ్మ దాన్ని తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తర్వాత నన్ను చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది.

"మంచిగ దించినవు బిడ్డా," అంది సరోజనతో. "అచ్చం గట్లనే ఉన్నడు."

కుంభకర్ణుణ్ణి ఈమె ఎప్పుడు చూసిందో అనుకున్నాను. సరోజన డబ్బా మూత పెట్టి కిటికీలోంచి బయటికి చూసింది.

సికింద్రాబాద్‌లో దిగి, నడిచి ఈస్ట్ మెట్రో స్టేషనుకు వెళ్ళాం. స్టీలు డబ్బాతో మెట్రో ఎక్కేవారు మూత తీసి చూపించడానికి సిద్ధంగా ఉండాలి.

"సకినాలా సార్?" అన్నాడు గార్డు.

"బొమ్మలు," అన్నాను.

మూత తీశాడు. పై బొమ్మ చూశాడు, నన్ను చూశాడు, పక్కనున్న లేడీ గార్డును పిలిచాడు. "అక్కా, గీడ జర చూడు." ఆమె కూడా అదే వరుసలో చూసింది: బొమ్మ, నేను, బొమ్మ.

"పోండ్రి సార్," అంది చాలా మర్యాదగా. "సీటు దొరుకుతది. గని నిద్రపోకుర్రి, తార్నాక రెండో స్టేషనే."

మెట్రో సిబ్బందికి పెద్దవాళ్ళ మీద మంచి శ్రద్ధ ఉన్నదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. కొట్టివేయలేదు, ఇప్పటికీ ఉంది.

తార్నాకలో మెట్ల కింద శ్రావణి ఆటోతో సిద్ధంగా ఉంది. ఆటో క్యాంపస్‌లోకి తిరగగానే చల్లబడింది. చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని పిల్లలు కూర్చున్నారు. సగంమంది చదువుతున్నారు, సగంమంది చదివేవాళ్ళను చూస్తున్నారు.

ప్రదర్శన ఒక పాత గదిలో. మేడమ్ నలభై ఏళ్ళ మనిషి, చేతులకు రంగులు, మాట చకచకా. గోడ పొడవునా దారాలు కట్టి ఉన్నాయి. నా నంబర్ల ప్రకారం బొమ్మలు వరుసగా క్లిప్పులకు తగిలించాం. బొమ్మలు చిన్నవి కాబట్టి చూడవచ్చేవారి కోసం దారాలకే రెండు భూతద్దాలు వేలాడదీశారు. పదకొండుకు తలుపులు తీశారు. పిల్లలు గుంపులుగా వచ్చారు. సరోజన కొంగు భుజం మీదుగా కప్పుకుని ఒక మూల నిలబడింది. ఎవరైనా ఒక బొమ్మ ముందు ఎక్కువసేపు ఆగితే, వాళ్ళ వీపు వైపే చూస్తూ తనూ అక్కడే ఆగిపోయేది.

ఒంటిగంటకు క్యాంటీను. అన్నం, పప్పు, వంకాయ కూర, గడ్డ పెరుగు. పెరుగు రెండోసారి వేయించుకోవద్దని ఈ దారిన వచ్చేవారికి నా సలహా. నేను వేయించుకున్నాను. గదికి తిరిగొచ్చి గోడ పక్కన ఉన్న కుర్చీలో కూర్చుని, కాసేపు కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి చుట్టూ పిల్లలు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు.

"సార్, సార్, లేవకుర్రి! గట్లనే ఉండుర్రి, ఇంకొక్కటే ఫొటో," అంది ఒక అమ్మాయి.

"ఏంది సంగతి?" అన్నాను.

వెనకనుంచి ఎవడో అరిచాడు. "కుంభకర్ణుడు లేచిండురో!"

గది మొత్తం నవ్వింది. నేను తలెత్తి చూశాను. సరిగ్గా నా తల మీద, క్లిప్పుకు, కుంభకర్ణుడు వేలాడుతున్నాడు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా భూతద్దం నా చేతికిచ్చింది.

చూశాను. లంకలో మంచం మీద రాక్షసుడు పడుకున్నాడు. చుట్టూ డప్పులు, బూరలు, ఏనుగులు. రాక్షసుడి కళ్ళద్దాలు నొసటి మీదికి జరిగి ఉన్నాయి. ఎడమ చేతికి గడియారం. దాని పట్టీ తెగితే నేను కట్టుకున్న దారం ముడితో సహా ఉంది. ముక్కు నాది, పొట్ట నాది. మనిషి తన ముఖాన్ని అద్దంలో చూసుకుంటాడు, కాని నిద్రలో ఉన్న ముఖాన్ని చూసుకోలేడు. ముసలమ్మ నుంచి గార్డు దాకా అందరూ గుర్తుపట్టింది నేను పట్టకపోవడానికి కారణం అదొక్కటే.

పక్కకు జరిగాను. బండెడు అన్నం తింటున్న బకాసురుడు, నేను పేపరు చదువుతూ తిన్నట్టే, ఎడమ మోకాలి కింద ఏదో కాగితం నొక్కిపట్టి తింటున్నాడు. పిసినారి వేళ్ళు మడిచి లెక్కపెట్టే తీరు నాది. యముడి నూనె మూకుడులో ఉన్నవాడు కూడా నాకు బాగా తెలిసినవాడే. రాముడి దగ్గర ఆగాను. అందమైన ముఖం, నిటారుగా, కదలకుండా నిలబడ్డాడు. ఎక్కడో చూసిన ముఖం.

"ఇతను మన గ్యాస్ శీను కదా?" అన్నాను.

"అవ్," అంది సరోజన.

"సిలిండరు తెచ్చే శీను రాముడా? నేను బకాసురుణ్ణా?"

"నేనేం జేయాలె? సిలిండరు తెచ్చినప్పుడల్ల నువ్వు ఆ నంబరు, ఈ నంబరు డైరీల రాస్కునేదాంక పాపం ఆ పిలగాడు కదలకుంట నిలబడ్తడు. రాముడు గట్ల నిలబడాలె గదా. నువ్వు కదలకుంట ఉండేది పండుకున్నప్పుడే. ఇంట్ల ఇంకెవ్వరున్నరు చూసి గీయనీకె?"

పిల్లలు మళ్ళీ నవ్వారు. శ్రావణి గోడ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

అప్పుడే మేడమ్ వచ్చారు. కుంభకర్ణుడి బొమ్మను పెద్దగా అచ్చు వేయించి, తమ విభాగం మెట్ల దగ్గర గోడకు ఎప్పటికీ ఉండేలా పెట్టాలనుకుంటున్నామని, రేపు పొద్దున తొమ్మిదిలోగా ప్రెస్సుకు పంపాలని చెప్పారు.

"కింద పేరు గూడ రాస్తరా?" అంది సరోజన.

"రాస్తాం అమ్మా. పెద్ద అక్షరాలతో."

సరోజన కొంగు సర్దుకుంది. పత్రికల మీద ఇప్పటిదాకా ఆ ఇంటి పెండ్లికొడుకు పేరు, ఈ ఇంటి పెండ్లికూతురు పేరు తప్ప ఆమె పేరు ఎక్కడా లేదు. "ముఖం ఆయనది," అంది. "ఆయన్నే అడగాలె."

అందరూ నావైపు తిరిగారు.

"రాముడి బొమ్మ పెట్టుకోవచ్చు కదా?" అన్నాను.

"రాములవారు అందరి దగ్గరా ఉన్నారు సార్. గడియారం పెట్టుకున్న కుంభకర్ణుడు ఇంకెక్కడా లేడు," అన్నారు మేడమ్.

"పరిశీలించి రేపు పొద్దున చెబుతాను," అన్నాను.

మార్కెట్ యార్డులో సర్వీసంతా ఈ మాటే అన్నాను. ఆ మాట పడ్డ ఫైలు ఒక్కటీ కదల్లేదని ఇంటికొచ్చి చెప్పుకున్నవాణ్ణి కూడా నేనే. సరోజన ముఖంలో వెలుగు తగ్గింది. ఒక్కొక్క క్లిప్పూ తీసి బొమ్మలు డబ్బాలో పెట్టడం మొదలుపెట్టింది, నంబర్లు చూడకుండా.

బస తార్నాకలో శ్రావణి ఫ్లాటు, మూడో అంతస్తు, లిఫ్టు ఉంది. భోజనాల దగ్గర శ్రావణి ఊరుకోలేదు.

"మామయ్యా, జనాలు పైసలు పెట్టి ఫ్లెక్సీలు కట్టించుకుంటున్నరు. నీకు ఫ్రీగ వస్తుంటే ఏంది నీ బాధ?"

"రాక్షసుడిగా ఎవరూ కట్టించుకోరమ్మా."

"ఫ్లెక్సీల మీద ఉన్నోళ్ళ సంగతి నీకు తెల్వదు."

సరోజన నవ్వలేదు. "వద్దంటె వద్దు తియ్యి," అంది కంచం ఎత్తుతూ. "ఇంట్ల పెండ్లి పత్రికలు ఇంక శాన ఉన్నయ్." ఆ మాట నాకు బకాసురుడి కంటే గట్టిగా తగిలింది.

మరునాడు శనివారం. ఆరింటికి లేచాను. శ్రావణి టీ ఇచ్చి, తన ఫోను నా ముందు పెట్టింది. నిన్న ఆ అమ్మాయి తీసిన ఫొటో. కుర్చీలో నేను, పైన బొమ్మ. డబ్బాలోంచి అసలు బొమ్మ కూడా తీసుకుని, శ్రావణి దగ్గరున్న భూతద్దంతో రెండూ పక్కపక్కన పెట్టి పరిశీలించాను. పరిశీలిస్తానని మాటిచ్చాను కదా.

ఫొటోలో నా నోరు తెరుచుకుని ఉంది. బొమ్మలో సరోజన దాన్ని మూసింది. ఫొటోలో మెడ మీద ముడతలున్నాయి, బొమ్మలో అక్కడ ముత్యాల హారం ఉంది. తర్వాత, నిన్న నవ్వుల మధ్య నా కంటికి ఆననిది కనిపించింది. డప్పులవాళ్ళ వెనుక, గుమ్మంలో, ఆవగింజంత మనిషి. ఒక చేతిలో టీ గ్లాసు. రెండో చేతి వేలు పెదవుల మీద ఉంది. లంక మొత్తం కుంభకర్ణుణ్ణి లేపుతుంటే, ఆమె మాత్రం చప్పుడు చేయొద్దంటోంది.

గడియారం వైపు భూతద్దం జరిపాను. పావు తక్కువ నాలుగు.

"సరోజా," అని పిలిచాను. "ఇందులో టైము తప్పు. మధ్యాహ్నం పడుకుంటే నేను మూడింటికే లేస్తాను."

ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చింది, చేతిలో టీ గ్లాసుతో. "ఆ దినం లేవలే. నేను లేపలే."

"ఎందుకు లేపలేదు?"

"బొమ్మ కాలే మరి."

ఎనిమిదిన్నరకు మేడమ్‌కు నేనే ఫోను చేశాను. అభ్యంతరం లేదని చెప్పాను. అచ్చులో గడియారం ముళ్ళు కనబడాలని, సరోజన పేరులో అక్షరం తప్పు పోకూడదని రెండు షరతులు పెట్టాను. ఫోను పెట్టేసరికి సరోజన వంటింట్లో లేదు. హాల్లో డబ్బా ముందేసుకుని బొమ్మలను మళ్ళీ నంబర్ల వరుసలో సర్దుతోంది.

సికింద్రాబాద్‌లో పదిన్నర బండి సమయానికి బయల్దేరింది. వెళ్ళదలచినవారికి నా అభిప్రాయం: ఒక రోజు చాలు, దారి తేలిక, భూతద్దం సొంతది ఉంటే మంచిది, ప్రదర్శనలో బొమ్మ కింద కుర్చీ ఉంటే కూర్చోవద్దు. ఘట్‌కేసర్ దాటిన సమయం డైరీలో రాసి, కళ్ళద్దాలు నొసటి మీదికి జరిపి, వెనక్కి ఆనుకున్నాను. కునుకు పట్టబోతుండగా ఎదురుగా డబ్బా మూత కదిలిన చప్పుడైంది. ఆ వెనుకే కాగితం మీద కలం గీరిన చప్పుడు.

"ఎవర్ని దించుతున్నవమ్మా?" అని పక్క సీటులో ఎవరో అడిగారు.

"ఎవరో ఇంక అనుకోలే," అంది సరోజన. "ముందుగాల ముఖం కానీ."

నోరు మూసుకున్నాను. వీపు కొద్దిగా నిటారు చేశాను. గ్యాస్ శీను మా గుమ్మంలో ఎలా నిలబడతాడో గుర్తు తెచ్చుకున్నాను. ముక్కు మీద ఈగ వాలింది, వాలనిచ్చాను. టీ అమ్మేవాడు వచ్చాడు, పోయాడు. బండి ఎక్కడో ఆగింది, మళ్ళీ కదిలింది. కలం ఆగలేదు.

భువనగిరి ఎన్నింటికి దాటామో నా డైరీలో లేదు.