తలనూనెకు రాసిన థీసిస్

జీవరసాయన శాస్త్రంలో పరిశోధన మధ్యలో వదిలేసి మాదాపూర్‌లో వెబ్‌సైట్లు చేసే చిన్న కంపెనీలో చేరతానంటే, మా ఇంట్లో వాళ్ళు నాకు మతి పోయిందనే అనుకున్నారు. ఇంటర్నెట్‌లో ప్రకటనలు రాయడం కూడా ఒక ఉద్యోగమేనని అప్పటికి నాకే సరిగా తెలియదు. గచ్చిబౌలి యూనివర్సిటీలో మా గైడు మాత్రం తిట్టలేదు. మూడు నెలలు చూడమ్మా, అప్పటిదాకా నీ సీటు ఎవరికీ ఇవ్వను అన్నారు. నా పని చూసి ఉద్యోగం ఖాయం చేయడానికి కంపెనీ వాళ్ళు పెట్టిన గడువూ అంతే. నాకైతే వెనక్కి వెళ్ళాలని లేదు. ఎలుకల కాలేయాలతో ఏళ్ళ తరబడి కాపురం చేశాను, చాలు.

మొదటి పని ఒక తలనూనె. కాకినాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఇంట్లోనే నూనె కాచి అమ్మే ఒకావిడకు వెబ్‌సైట్ చేస్తున్నాం. వారమంతా కూర్చుని ఇంగ్లీషులో బ్రహ్మాండంగా రాశాను. ఈ నూనె వాడిన కొందరిలో జుట్టు ఊడటం తగ్గి ఉండవచ్చు, నిర్ధారించడానికి మరింత పరిశోధన అవసరం అని. ల్యాబులో అలా రాయకపోతే చీవాట్లు పడేవి మరి.

మా బాసు పక్కా హైదరాబాదీ. చదివి తల పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది, గిట్ల రాస్తె ఎవలు కొంటరు? బట్టతల మీద గూడ జుట్టు మొలుస్తదని రాయి."

అది నా వల్ల కాదన్నాను. అయితే ఇగ ఈ పని నీకు కుదరదు, ఆలోచించుకో అన్నాడు. ఏడుపొచ్చింది, అంతకు రెట్టింపు కోపమొచ్చింది.

మర్నాడు నూనె ఆవిడ ఆఫీసుకు వచ్చింది. నేను రాసింది తెలుగులో చెప్పించుకుని విని, "ఇంతకీ కొనమంటున్నారా అండి, మానమంటున్నారా?" అని నవ్వింది. నిజంగా జుట్టు మొలుస్తుందా అని అడిగాను. అదెవరికి తెలుసండి అంటూనే, పీక్కుపోయిన నా మొహం చూసి, సంచిలోంచి సీసా తీసి అక్కడే నా మాడుకు నూనె అంటడం మొదలుపెట్టింది. అందరూ పని మానేసి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చాననుకోండి. కాసేపటికి సిగ్గూ లేదు, బాసూ లేడు. కుర్చీలోనే గురక పెట్టానట.

లేచి మళ్ళీ రాశాను. జుట్టు మొలుస్తుందో లేదో మాకు తెలియదు, ఎవరిచేతనైనా తలకు పెట్టించుకోండి, హాయిగా నిద్ర పడుతుంది అని. బాసు వద్దంటే, అదే ఉంచమని ఆవిడ పట్టుబట్టింది. ఆర్డర్లు వచ్చాయి. వాడి చూసి అభిప్రాయం రాసినవాళ్ళలో చాలామంది జుట్టు ఊసే ఎత్తలేదు. బాసు నా ఉద్యోగం ఖాయం చేసి, వాళ్ళింటికీ ఒక సీసా కావాలన్నాడు.

ఆ సంతోషంలో గైడుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఎంతమంది మీద పరీక్షించావమ్మా అని అడిగారు. నా ఒక్కదాని మీదే సార్ అంటే, ఆ మాట కూడా రాయాలి కదా అన్నారు. అలాగేనని, నా సీటు ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను.

"నువ్వు వెళ్ళిన వారమే ఇచ్చేశానమ్మా. నువ్వు తిరిగి రావని నాకు తెలుసు."

అంటే వెనక్కి వెళ్ళడానికి ఏ సీటూ లేకుండానే బాసుకు కాదని చెప్పానన్నమాట.  ఫోన్ చేతిలో పట్టుకునే పకపకా నవ్వాను.