చీటీకి తెలియకూడదట

ఆఫీసులో అందరికీ ఆమె పెద్దక్క. ఆసుపత్రి వార్డుల్లో మందుల చీటీలు అచ్చువేసే ప్రోగ్రామును పదకొండేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న మనిషి. కోడ్ ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఆమె రాసిన ‘రోగి’ క్లాసు, అంటే రోగి వివరాలు చూసుకునే కోడ్ భాగం, ఒక్కటే ఎనిమిది వందల లైన్లు. పేరు, మంచం నంబరు, పడని మందులు, అన్నీ అందులోనే. చూడ్డానికి గందరగోళమే కానీ, ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేస్తుంది.

ప్రోగ్రాముల డిజైన్ చూడ్డానికి కొత్తగా వచ్చిన ఆయనకు అది చూసి ఒళ్లు జలదరించింది. ఒక క్లాసు ఇంకోదాన్ని తాకకూడదంటాడని టీమంతా ఆయనకు మడిగారని పేరు పెట్టేసింది. మూడు నెలలు కూర్చుని ఆ క్లాసును పద్నాలుగు ముక్కలు చేశాడు. నిజానికి వాటిలో నాలుగైదు ఆమెకూ నచ్చాయి. ఆ మాట చెప్పేలోపే ఒళ్లు మండించాడు.

ఆ ముక్కలతో కొత్త చీటీలు మొదలైన రోజే, అదే ఆసుపత్రిలో నర్సుగా ఉన్న ఆమె చెల్లెలు ఫోన్ చేసింది.

“అక్కా, కొత్త చీటీలో పడని మందుల వరస ఎగిరిపోయింది. ఇందాక సూది దాకా వెళ్లాను. ‘అమ్మా, అది నాకు పడదు’ అని ఆ ముసలాయనే చెప్పాడు కాబట్టి సరిపోయింది. నిద్రలో ఉండుంటే?”

పెద్దక్క అప్పటికప్పుడు చీటీ క్లాసులో మూడు లైన్లు రాసింది, పడని మందులేవో రోగి క్లాసునే నేరుగా అడిగేలా. ఏ మార్పుకైనా మడిగారి ఆమోదం కావాలి. ఆయన తిప్పికొట్టాడు.

“చీటీ పని అచ్చువేయడం వరకేనండీ. రోగికి ఏది పడదో దానికి తెలియకూడదు. మధ్యలో ఇంకో క్లాసు పెడదాం. నెలలో అయిపోతుంది.”

“ఈ నెలా సూదులు ఆపేయమని చెప్పనా సార్?”

“ఇలా ఉద్రేకపడితే ఎలా? డిజైన్ అంటూ ఒకటుంది కదా.”

“మా చెల్లెలి చేతిలో ఉండేది మీ డిజైన్ కాదు, సిరంజి.”

కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది. తిరస్కరణకు కారణం రాసే పెట్టె తెరిచి, కీబోర్డు ఆయన ముందుకు తోసింది.

“వద్దంటే వద్దనండి. కారణం మాత్రం మీ చేత్తో రాయండి, ఏ మందు పడదో నర్సుకు చెప్పక్కర్లేదని. కింద మీ పేరు పడుతుంది.”

ఆయన నాలుగు అక్షరాలు కొట్టాడు, చెరిపాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ చెరిపాడు. చివరికి ఆమోదించి, ఆ మూడు లైన్ల నెత్తిన ‘తాత్కాలికం, తీసేయాలి’ అని రాశాడు.

ఆయన వేరే కంపెనీకి వెళ్లి ఆరేళ్లయింది. ఆ లైన్లు అక్కడే ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లు, “ఇక్కడ ‘తీసేయాలి’ అని రాసుంది, తీసేద్దామా పెద్దక్కా?” అని అడుగుతుంటారు.

“తీసి చూడు,” అంటుంది, తల కూడా తిప్పకుండా.