పదకొండింటికి చూసిన వీధి

మా ఆఫీసులో నన్ను "మార్కుల మేష్టారు" అనేవాళ్లు. వెనకాలే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవడికుంది? వీధుల శుభ్రతకు గ్రేడులు వేయడం నా ఉద్యోగం. వీధి పొడుగునా నడవాలి, కనబడిన చెత్తంతా లెక్కపెట్టాలి, ఫారం మీద ఎ నుంచి డి దాకా ఒక అక్షరం రాయాలి. వరసగా మూడుసార్లు డి వస్తే ఊడ్చేవాళ్లను వేరే చోటికి మార్చేస్తారు. రూలు నేను పెట్టింది కాదు కదా అని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బజారు వీధి ఊడ్చే ఆవిడ నాకంటే రెండు మూడేళ్లు పెద్దది. అందరూ అక్కా అని పిలిచేవాళ్లు. ఆవిడ భర్త పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఇల్లు ఆ వీధి చివరి సందులోనే. గంటకోసారి చీపురు గోడకానించి పరుగెత్తేది. ఆయన్ని పక్కకు తిప్పి, నాలుగు గుక్కల నీళ్లు పట్టించి వచ్చేది. ఇదంతా నాకు తెలుసు.

నేనేమో టిఫిన్ చేసి, పేపరు తిరగేసి, తీరిగ్గా పదకొండింటికి వెళ్లేవాణ్ణి. అప్పటికి రోడ్డంతా పండ్ల తొక్కలు, అట్టముక్కలు, టీ కప్పులు. మొదటిసారి డి. రెండోసారీ డి.

మూడోసారి ఆవిడ ఎదురొచ్చింది.

"సారూ, ఆరింటికల్లా అద్దంలా ఊడుస్తాను. ఎనిమిదింటికి కొట్లోళ్లు మళ్లీ రోడ్డుమీదకే గిరాటేస్తారు. ఒక్కరోజు ఆరింటికి రండి, ఆ తర్వాత మీ ఇష్టమొచ్చింది రాసుకోండి."

"నాకు టైం చెప్పేదానివా నువ్వు?" అని కసిరాను. కోపం నా ముక్కుమీదే ఉండేది.

"ఇక్కణ్ణుంచి మార్చేస్తే మా ఆయన్ని చూసే దిక్కుండదు సారూ."

"అందరి ఇళ్లల్లోనూ ఏదో ఒకటి ఉంటుందమ్మా" అని డి వేసి సంతకం గీకేశాను. ఆ వారమే ఆవిణ్ణి ఊరి అవతలి కొసకు మార్చారు.

రిటైరయ్యాక డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. ఒకరోజు ఆరింటికి బజారు వీధిలోకి వెళ్లాను. కొత్తావిడ అప్పుడే ఊడ్చి వెళ్లింది. చిన్న కాగితం ముక్క కూడా లేదు. మూసి ఉన్న కొట్టు మెట్టుమీద ఎనిమిది దాకా కూర్చున్నాను. షట్టర్లు లేచాయి, చెత్తంతా వచ్చి రోడ్డుమీద పడింది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

మర్నాడు మొదటి బస్సెక్కి ఆవిడ ఉన్న చోటికి వెళ్లాను. రిటైర్మెంటు లేని కాంట్రాక్టు పని కదా, స్టాపు దగ్గరే ఇంకా ఊడుస్తోంది. సగమైపోయింది మనిషి.

"అక్కా" అన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ మాట నా నోట రాలేదు. "మీరు చెప్పింది నిజమే. నిన్న ఆరింటికి చూశాను."

చీపురు ఆగలేదు.

"ఆయన ఎలా ఉన్నారు?"

"పోయాడు సారూ. నేనిక్కడికొచ్చిన నాలుగో నెల్లోనే. దాహం దాహం అని అరిచాడంట. పక్కింటామె విని వెళ్లేసరికే అయిపోయింది. కబురొచ్చినప్పుడు నేనిక్కడే ఊడుస్తున్నా."

"తప్పు నాదే అక్కా."

"కాస్త కాలు తియ్యండి సారూ."

చూస్తే నా చెప్పు కింద, బస్సు దిగుతూ నేనే పారేసిన టికెట్టు. కాలు తీశాను. ఆవిడ దాన్ని కూడా ఊడ్చుకుంటూ ముందుకు వెళ్లిపోయింది.